టైరు కుడి అంచు

ఆ అమ్మాయి తనకోసమే చుట్లు తిరుగుతోందని టైర్ల షాపు అబ్బాయి అనుకోవడంలో అతని తప్పు పెద్దగా లేదు. షాపు ఉన్న చోటు అలాంటిది.

అది మూల మీది షాపు. ఒక షట్టరు మెయిన్ రోడ్డు వైపు తెరుచుకుంటుంది, ఇంకొకటి పక్క వీధి వైపు. ఉదయం షట్టర్లు ఎత్తి, గచ్చు తుడిచి, కొత్త టైర్లని బయట పేర్చే వేళకి ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఒకతె మెయిన్ రోడ్డు మీద షాపు ముందు నుంచి వెళ్ళేది. వీపుకి బ్యాగు. బండి మీద కూర్చోవడం మాత్రం ఎవరో గోడకి ఆనించినట్టు నిటారుగా. అతను చేతిలో ఉన్న టైరు పేర్చి ఇంకోటి అందుకునేలోగా అదే హెల్మెట్ బ్లాకంతా చుట్టి పక్క వీధిలోంచి వచ్చి, రెండో షట్టరు ముందు నుంచి రోడ్డు దాటి, ఎదురు సందులోకి పోయేది.

ఒక రోజు చూశాడు. మర్నాడూ చూశాడు. ఆ తర్వాత చూడడానికే నిలబడ్డాడు.

"ఏరా, టైరు ఎత్తావు. దించడం మర్చిపోయావా?" అన్నాడు కౌంటరు దగ్గర కూర్చున్న బాబాయి. షాపు ఇద్దరిదీ. పని అబ్బాయిది, పలుకు బాబాయిది.

"బాబాయ్, ఆ అమ్మాయి రోజూ మన ముందు నుంచి రెండుసార్లు వెళ్తోంది. గమనించావా?"

"ఆ వయసు దాటిపోయిందిరా నాకు. నువ్వు గమనిస్తున్నావని మాత్రం గమనించాను."

"అది కాదు. సందులోకి వెళ్ళాలంటే మన షాపు రాకముందే కుడికి తిరిగితే చాలు కదా. ఇంత చుట్టు దేనికి?"

బాబాయి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "దేనికంటావు?"

అతను మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గ్రీజు, రబ్బరు పొడి, పాత ట్యూబులు, వాటి మధ్య మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా. బాబాయి ఒక పాత తువ్వాలు తెచ్చి అతని మెడకి చంటిపిల్లాడి బిబ్‌లా కట్టాడు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక ముసురు పట్టిన ఉదయం ఎర్ర హెల్మెట్ నడుచుకుంటూ వచ్చింది. బండిని తోసుకుంటూ.

"పంక్చరండీ. తొందరగా అవుతుందా? పేషెంటు నాకోసం కూర్చుని ఉంటారు."

హెల్మెట్ తీసింది. నుదుటికి అంటుకున్న జుట్టు, వాన చినుకులు ఆగిన కనుబొమలు. ఆమెతో మొదటిసారి మాట్లాడితే ఏమనాలో అతను చాలా రకాలుగా అనుకుని పెట్టుకున్నాడు. వాటిలో అన్నిటికంటే చెత్తది నోట్లోంచి వచ్చింది.

"మాట్లాడాలనుంటే మామూలుగానే ఆగొచ్చు కదండీ. పంక్చరు దాకా ఎందుకు?"

"ఏంటీ?"

"అంటే... రోజూ రెండుసార్లు ఇటే వెళ్తారు కదా. రెండుసార్లు వెళ్తే ఏమిటండీ అర్థం? నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు."

ఆమె ఒక క్షణం అతన్నే చూసింది. తర్వాత వంగి, వెనక టైరులో దిగిన మేకుని వేలితో చూపించింది.

"ఇది నేనే గుచ్చుకున్నానంటారా?"

"అలాగని కాదు..."

"మీ మొహం చూడ్డానికి పొద్దున్నే పెట్రోలు తగలేసుకుని బ్లాకు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నానంటారు?"

"ప్రదక్షిణలు అనలేదండీ నేను."

"మీ షాపులో అద్దం లేదా?"

బాబాయి ఏదో పడిపోయినట్టు కౌంటరు కిందికి వంగాడు. ఆయన కనిపించలేదు కానీ కౌంటరు మాత్రం సన్నగా అదురుతూ ఉంది.

అతను చెవుల దాకా ఎర్రబడి చక్రం దగ్గరికి పారిపోయాడు. చక్రం ఊడదీసి, మేకు లాగి, టైరుని వెలుతురులోకి తిప్పాడు. మేకు రంధ్రం చూడాల్సిన వాడు ఇంకేదో చూస్తూ ఆగిపోయాడు.

టైరు మధ్యలో అరిగి పలకలా అయింది. ఎడమ అంచు రోడ్డుకి రాసుకుని మసకగా ఉంది. కుడి అంచు మాత్రం నిన్ననే కొన్నట్టు నల్లగా మెరుస్తోంది. కొత్త టైరుకి సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. వంచి నడిపితే నాలుగు రోజుల్లో రాలిపోతాయి. కుడి వైపు అవి ఒక్కటీ రాలలేదు. పసిపిల్లల చెవి వెనక నూగులా అలాగే ఉన్నాయి.

అతను తల తిప్పి బాబాయి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మీరు కుడికి తిరగరు కదూ?"

ఆమె మొహంలో కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"పంక్చరు వెయ్యండి చాలు."

"సందులోకి రావడానికి ఒక్క కుడి మలుపు తిరగలేక మూడు ఎడమ మలుపులు తిరిగొస్తున్నారు. నేనేమో..." మెడలోని తువ్వాలు పీకి పక్కన పడేశాడు. "క్షమించండి. నాలాంటి వెధవ ఇంకొకడు ఉండడు."

ఆమె బండి సీటు మీది నీళ్ళు అరచేత్తో తుడిచింది.

"ఎవరికీ చెప్పకండి," అంది చివరికి. "నా పేషెంట్లు వింటే నవ్వుతారు. నేను ఫిజియోథెరపిస్టుని. కాలిని నమ్మండి, బరువు వెయ్యండి అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరందరికీ చెప్తాను."

"సందులో ఎవరింటికి?"

"హెడ్‌మిస్ట్రెస్ గారింటికి. మోకాలి ఆపరేషన్ అయింది."

"మా అత్త!" అన్నాడతను.

ఆమె అతన్ని కొత్తగా చూసింది. షట్టరుకి తల తగలకుండా వంగి నిలబడ్డ ఆ ఎత్తు మనిషిని చూసి పెదవి బిగించింది.

"అయితే ఆవిడ రోజూ 'మా బుజ్జిగాడు, మా బుజ్జిగాడు' అనేది మిమ్మల్నేనా?"

ఈసారి కౌంటరు కిందనుంచి నవ్వు బాహాటంగానే వినిపించింది.

* * *

వాకర్ కాళ్ళకి ఉండే రబ్బరు తొడుగులు అరిగిపోయాయని అత్త ఎప్పటినుంచో అంటోంది. అతనికి అది మర్నాడు ఉదయం, సరిగ్గా ఎర్ర హెల్మెట్ సందులోకి వెళ్ళాక గుర్తొచ్చింది.

అత్త హాల్లో వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. రిటైరై ఏళ్ళయినా ఆవిడ నిలబడితే ఎదుటివాళ్ళకి చొక్కా గుండీలు సరిచూసుకోవాలనిపిస్తుంది. ఫిజియో అమ్మాయి ఎదురుగా చేతులు చాచి నిలబడింది.

"వాకర్ వదిలెయ్యండి మేడమ్. ఆపరేషన్ అయిన కాలి మీద పూర్తిగా బరువు వెయ్యండి."

"పడితే?"

"పడరు. నేను పట్టుకుంటాను."

"నీకంటే ముందు నేల పట్టుకుంటుందమ్మా నన్ను."

"సగం బరువు వేసి సగం దాచుకుంటే కాలికి ఎప్పటికీ బలం రాదు మేడమ్. ఆ కాలు మిమ్మల్ని మోస్తుంది. మీరు నమ్మాలంతే."

గుమ్మంలో ఉన్న అతను చప్పుడు చేయకుండా నవ్వాడు. ఆమె తలెత్తి చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె గబుక్కున తల దించుకుని అత్త మోకాలి మీది బ్యాండేజీని సర్దింది, సర్దాల్సిందేమీ లేకపోయినా.

అత్త కళ్ళకి ఆపరేషన్ అవసరం ఎప్పుడూ పడలేదు.

"ఏరా బుజ్జీ, కరెక్టుగా ఇప్పుడే తీరిందా నీకు?"

"తొడుగులు తెచ్చానత్తా."

"నెల కిందట చెప్పాను. సరే, వచ్చావు కాబట్టి ఈ పిల్లకి నువ్వైనా చెప్పు. కొండ మీద ఆసుపత్రి వాళ్ళు ఏరి కోరి రమ్మంటుంటే వెళ్ళనంటోంది."

"దూరం మేడమ్," అందామె.

"రెండేళ్ళ నుంచి ఆ ఉద్యోగం కోసమే చూస్తున్నానని నాతో అన్నది ఎవరు? అప్పుడు దగ్గరగా ఉండి, ఇప్పుడు దూరం జరిగిందా కొండ?"

విషయం అతనికి అత్త మాటల్లోనే తెలిసింది. కొండ మీది పల్లెల వాళ్ళు ఎముకలు విరిగి కింద ఊళ్ళో కట్టు కట్టించుకుంటారు. కసరత్తు కోసం రోజూ దిగి రాలేక మధ్యలో మానేస్తారు. నయం కావలసిన కాళ్ళు కుంటిగానే ఉండిపోతాయి. అలాంటి వాళ్ళకోసమే అక్కడ ఫిజియోథెరపీ గది పెడుతున్నారు. సగం రోజు ఆసుపత్రిలో, సగం రోజు బండి మీద వాళ్ళ ఇళ్ళకి. నెలాఖరులోగా ఈ అమ్మాయి సరేననకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

కొండ దారి అతనికి బాగా తెలుసు. పాము మెలికలు తిరిగినట్టుంటుంది. అక్కడ ఒక కుడి మలుపుకి బదులు మూడు ఎడమ మలుపులు తిరుగుదామంటే మిగిలేది లోయ.

"చెప్పరా," అంది అత్త.

"ఆవిడ ఇష్టం కదత్తా," అని అతను వాకర్ కాలికి తొడుగు ఎక్కించే పనిలో పడ్డాడు.

బయట గేటు దగ్గర బండి తీస్తూ ఆమె అడిగింది. "లోపల ఎందుకు చెప్పలేదు? మీకు కారణం తెలుసు కదా."

"టైరు చెప్పింది. మీరు చెప్పలేదుగా."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో పాటు అసలు సంగతి కూడా బయటికొచ్చింది. కిందటి వానాకాలం, ఒక కుడి మలుపు. బండి వంగాక ముందు రోడ్డు తడిగా మెరుస్తూ కనిపించింది. ఏమైందో తెలిసేలోపు నేల మీద ఉంది. భుజం ఎముక అతుక్కుంది. అంతే, ఆ తర్వాత కుడికి బండి వంగుతోందంటే చాలు, ఒళ్ళు దానంతటదే బిగుసుకుపోతుంది.

"రోడ్డు మెరుపు చూడగానే బ్రేకు పట్టేశారు కదూ?"

"మీకెలా తెలుసు?"

"అందరూ చేసేదే. టైరుకి ఉన్న పట్టు ఒక్కటేనండీ. మలుపు తిప్పడానికి అదే, బండి ఆపడానికీ అదే. రెండు చేతుల్లో బిందెలున్న మనిషిని తలుపు తియ్యమంటే ఏమవుతుంది?"

"అంటే టైరు జారలేదు. నేనే దాన్ని జార్చానంటారు."

"అంటున్నానని కోప్పడతారా?"

"లేదు," అంది నెమ్మదిగా. "ఏడాది నుంచి రోడ్డుది తప్పనుకుంటున్నాను. నాదైతే దిద్దుకోవచ్చు కదా."

"ఆదివారాలు స్కూలు గ్రౌండులో బండి నేర్పుతుంటాను. రండి."

"మీరు మళ్ళీ ఏదేదో ఊహించుకుంటారు."

"ఇస్త్రీ చొక్కా వేసుకు రాను. ఒట్టు."

* * *

స్కూలు గ్రౌండు ఒక పక్కంతా సిమెంటు చదును. అతను పాత టైర్లని అక్కడక్కడా పడేసి వాటి చుట్టూ తిరగమన్నాడు. మొదటి ఆదివారం ఆమె ఎడమ వైపు చక్కగా తిరిగింది. కుడి వైపుకొచ్చేసరికి కాలు కింద ఆనించి, బండిని మేకపిల్లలా ఈడ్చుకెళ్ళింది.

"కాలు పైకి!" అని అరిచాడు.

"అది నా మాట వినట్లేదు!"

"మీ పేషెంట్ల కాళ్ళు వింటాయి కానీ మీది వినదా?"

"మా పేషెంట్లు నన్ను తిడతారు. నేను మిమ్మల్ని తిట్టనా?"

"తిట్టండి, కానీ కాలు పైన పెట్టి తిట్టండి."

అలా తిట్టుకుంటూనే కొన్ని ఆదివారాలు గడిచాయి. టైరు అంచులు గుండ్రంగా ఉండేది పక్కకి వంగినా అంతే రబ్బరు నేలకి ఆనాలనేనని అతను చెప్పాడు. మలుపుకి ముందే స్పీడు తగ్గించాలి, లోపలికి వెళ్ళాక బ్రేకు ఊసెత్తకూడదు, యాక్సిలరేటర్ సూదిలో దారం ఎక్కించినంత నెమ్మదిగా ఇవ్వాలి. తడిలో పట్టు తగ్గుతుంది కానీ పోదు. తక్కువ వంచి, మెల్లగా అడిగితే టైరు కాదనదు.

"చూపు ఎటుంటే బండి అటు వెళ్తుంది. గుంట చూస్తే గుంటలోకే," అన్నాడు.

"అందుకే కాబోలు, ఇందాక మీ వైపు వచ్చేసింది," అందామె. అన్నాక హెల్మెట్ అద్దం టక్కున దించుకుంది.

ఆ రోజు అతను ఇంటికెళ్ళి ఆ మాటనే అన్నంలో కలుపుకు తిన్నాడు.

నెలాఖరు దగ్గరికొచ్చింది. ఆ ఆదివారం ఆమె కుడి వైపు వరసగా చుట్లు కొట్టింది. కాలు కింద పెట్టలేదు. బండి కొంచెం వంగింది కూడా. ఆగాక అతను వంగి టైరు చూశాడు. కుడి అంచుకి కాస్త దుమ్ము పట్టింది. చివరి వెంట్రుకలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇంకాస్త వంచాలి. కానీ మీకు వచ్చేసింది. ఇంక కొండ ఎక్కొచ్చు."

ఆమె మొహం వెలిగింది. "నిజంగా? అయితే పదండి, ఇప్పుడే. వెనక కూర్చోండి. మీరు ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వెనకా? నేను నా బండి మీద ముందు వెళ్తాను. మీరు నన్ను చూస్తూ రండి."

"వెనక కూర్చుంటే ఏం?"

"అలవాటు లేదండీ."

నిజంగానే లేదు. హ్యాండిల్ ఇంకొకళ్ళ చేతిలో ఉంటే అతను వెనక కడ్డీ వదలడు. బండి ఒక వైపు వంగితే ఒళ్ళు రెండో వైపుకి లాగుతుంది. ఒకసారి బాబాయి బండి నడిరోడ్డు మీద ఆపి, "దిగరా, నన్ను కూడా పడేసేలా ఉన్నావు," అని దింపేశాడు. ఇవన్నీ చెప్పేయొచ్చు. చెప్పడానికి మాస్టారి బెట్టు అడ్డొచ్చింది.

"అలవాటు లేదా, నమ్మకం లేదా?" అందామె.

అతను వంగి పాత టైరు ఒకటి ఎత్తుకున్నాడు.

"టైరుని నమ్మండి, టైరుని నమ్మండి అని నాకు పాఠాలు. నన్ను మాత్రం మీరు నమ్మరు. మీరే నమ్మకపోతే నేను ఆ కొండ ఎలా ఎక్కాలి?"

"అది కాదండీ, అసలు సంగతి..."

హెల్మెట్ పెట్టేసుకుంది. గ్రౌండు గేటు దాటాక ఎడమకే తిరిగి వెళ్ళిపోయింది.

* * *

ఆ తర్వాత కూడా ఎర్ర హెల్మెట్ రోజూ రెండుసార్లు షాపు ముందు నుంచి వెళ్ళింది. మొదటి షట్టరు ముందు తల తిప్పలేదు. రెండో షట్టరు ముందూ తిప్పలేదు.

"ఇంకా చుట్టే తిరుగుతోందిరా," అన్నాడు బాబాయి. కౌంటరు కింద విన్నది కూడా కలుపుకుని ఇప్పటికి ఆయనకి కథంతా తెలుసు. "నేర్పింది నీళ్ళపాలేనా?"

అతను చేతిలోని టైరుకి గాలి గొట్టం పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాడు. ఆమెకి వచ్చిందనుకున్న ధైర్యం తన ఒక్క మాటతో పోయింది. ఆ ఉద్యోగం పోతే అది తన వల్లే. సారీ చెప్దామని అత్త ఇంటి దాకా వెళ్ళి, గేటు దగ్గర బండి చూసి, ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాడు. గడువు ముంచుకొస్తోంది. అత్తని అడిగితే, "నన్నెందుకు అడుగుతావు? నోరు లేదా నీకు?" అంది.

నెల చివరి రోజున తెల్లారుజాము నుంచే వాన. అతను షట్టర్లు ఎత్తి రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇవాళ ఆపాలి. అడ్డంగా నిలబడైనా ఆపి, వెనక కూర్చోవడం నాకు భయం అని చెప్పేయాలి.

దూరంగా వానలో ఎర్ర చుక్క కనిపించింది. దగ్గరికి వస్తోంది. సరిగ్గా అప్పుడే టైర్ల లోడు లారీ వచ్చి షాపు ముందు అడ్డంగా నిలబడింది. అవతల ఎక్కడో బ్రేకు కీచుమంది. ఎవరో అరిచారు.

అతను లారీ పక్కనుంచి తల పెట్టి చూశాడు. రోడ్డు మీద ఎర్ర హెల్మెట్ లేదు. మొదటి షట్టరు ముందు నుంచి వెళ్ళలేదు. పరుగున రెండో షట్టరు దగ్గరికి వచ్చి పక్క వీధి వైపు చూశాడు. అటూ లేదు.

"బాబాయ్, వచ్చిందా? వెళ్ళిందా?"

"నేను చూళ్ళేదురా. ఆ అరుపేమిటి?"

చేతిలో టైర్లు ఊడదీసే ఇనప చువ్వ అలాగే ఉంది. అలాగే రోడ్డు మీదకి పరిగెత్తాడు. కూడలిలో ఒక ఆటో అతను సైకిలు అతన్ని తిడుతున్నాడు. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. కింద పడ్డ బండి లేదు, మూగిన జనం లేరు. అతను వానలో గిర్రున తిరిగి అన్ని వైపులా చూశాడు. చివరికి సందులోకి చూశాడు.

అత్త ఇంటి గేటు ముందు ఆమె బండి ఉంది. స్టాండు వేసి, నీళ్ళు కారుతూ, బుద్ధిమంతురాలిలా. ఎర్ర హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది.

షాపు ముందు నుంచి వెళ్ళకుండా ఆ గేటు దగ్గరికి రావడానికి దారి ఒక్కటే.

అతను సందులోకి పరిగెత్తాడు. గేటు పక్కన మెట్టు మీద, తడిలోనే కూలబడ్డాడు. ఊపిరి వదిలాడు. ఎప్పటినుంచి బిగబట్టి ఉన్నాడో, అది వదిలేకొద్దీ వస్తూనే ఉంది.

"ఒరేయ్ బుజ్జీ, ఆ ఇనప చువ్వేమిటి? ఎవర్ని కొట్టడానికి?"

తలెత్తాడు. అత్త వరండా చివర నిలబడి ఉంది. చేతిలో వాకర్ లేదు. రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి, స్కూలు గంట కొట్టబోతున్నట్టు నిలబడింది. వెనక ఫిజియో అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తోంది.

"అత్తా! వాకరేదీ?"

"ఈవిడ గారు నాతో పందెం వేసింది. తను ఇవాళ కుడికి తిరిగొస్తే నేను వాకర్ వదలాలట. తిరిగొచ్చింది. మాట తప్పుతానా?" గొంతులో బింకం ఉన్నా కళ్ళు తడిగా ఉన్నాయి. "నడుస్తున్నానురా. చూడు."

అతను లేచి వెళ్ళబోతూ బండి దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ వంగి టైరు చూశాడు. కుడి అంచు మీద చెయ్యి వేశాడు. వెంట్రుక ఒక్కటి లేదు. వేలి వెడల్పున రబ్బరు మసకబారి, గరుగ్గా అరిగి ఉంది. అంచు చివరిదాకా.

తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె చప్పున గ్లవ్స్ తొడుక్కునే పనిలో పడింది.

"ఆసుపత్రి వాళ్ళకి వస్తానని ఫోన్ చేసేశాను," అంది ఎటో చూస్తూ. "పదింటికి రమ్మన్నారు."

"ఈ వానలో ఒంటరిగా పంపిస్తానా? వెనక వీడు కూర్చుంటాడు," అంది అత్త.

"ఆయనకి అలవాటు లేదు మేడమ్."

"అలవాటు కాదు," అన్నాడతను. ఈసారి బెట్టు అడ్డు రాలేదు. "భయం. ఎవరి వెనకా కూర్చోలేను. బండి ఒక వైపు, నేను ఒక వైపు. అది మీ మీద అపనమ్మకం కాదు. ఆ రోజే చెప్పాల్సింది."

ఆమె అప్పుడు చూసింది అతని వైపు. చాలా రోజుల తర్వాత.

"మరి ఇవాళ?"

"కూర్చుంటాను."

"తడిలో?"

"తడిలో పట్టు తగ్గుతుంది కానీ పోదు," అన్నాడు. "ఎవరో మాస్టారు చెప్తే విన్నాను."

"ఆ చువ్వ ఇక్కడ పెట్టి వెళ్ళరా," అంది అత్త.

* * *

కొండ మొదలవగానే అతను కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి," అందామె ముందు నుంచి.

"తెరిచే ఉన్నాయి."

"అద్దంలో కనిపిస్తున్నారు."

తెరిచాడు.

"ముందు కుడి మలుపు వస్తోంది. నా కుడి భుజం మీంచి చూడండి. నేను వంగితే నాతో పాటు రండి. ఎదురు లాగొద్దు."

రోడ్డు నల్లగా మెరుస్తోంది. మలుపుకి ముందే ఆమె స్పీడు తగ్గించింది. తర్వాత బ్రేకు మీద నుంచి వేళ్ళు తీసేయడం అతనికి కనిపించింది. బండి కుడికి వాలింది. అతని ఒళ్ళంతా ఎడమకి లాగింది. పళ్ళు బిగించి, ఆమె భుజం మీంచి మలుపు అవతలికి చూశాడు. లాగడం ఆగింది. ఇద్దరూ కలిసి వంగారు, కలిసి లేచారు. కింద టైరు చప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోయింది.

"బతికే ఉన్నారా?"

"ఉన్నట్టే ఉంది."

"ఇంకా చాలా ఉన్నాయి మలుపులు."

"రానివ్వండి," అన్నాడు. ఆ గొంతు తనదేనా అని అతనికే అనుమానమొచ్చింది.

పైకి చేరేసరికి వాన తెరిపిచ్చింది. ఆసుపత్రి చిన్నదే. ముందు వరండాలో చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన, కాలికి కట్టుతో ఒకావిడ బెంచీ మీద కూర్చుని అప్పుడే ఎదురుచూస్తున్నారు. వాళ్ళని చూసి ఆమె ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. ఏడాది బరువు భుజాల మీంచి దిగిపోతే మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

అతను దిగి బండి పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక మాట అడగనా? ఇందాక అత్త ఇంటి దగ్గర టైరు చూశాను."

"చూస్తారని తెలుసు."

"అది ఒక్క ఇవాళ్టి అరుగుదల కాదు. ఒక మలుపుకి అంత అరగదు."

"కాదు," అంది హెల్మెట్ తీస్తూ. "మీ మీద కోపంతో రోజూ సాయంత్రం ఒక్కదాన్నే గ్రౌండుకి వెళ్ళాను. మీరు చెప్పినవన్నీ నాకు నేనే అరిచి చెప్పుకుంటూ తిరిగాను. నాలుగు రోజుల నుంచి ఊరంతా కుడి మలుపులే తిరుగుతున్నాను."

"మరి మా షాపు దగ్గర మాత్రం చుట్టు తిరిగే వస్తున్నారు కదా?"

ఆమె జుట్టులోంచి నీళ్ళు దులుపుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. అంతా అయ్యాక కానీ అతని వైపు చూడలేదు.

"భయం పోయాక కూడా ఒకమ్మాయి రోజూ ఒకే షాపు ముందు నుంచి రెండుసార్లు వెళ్తే ఏమిటండీ అర్థం? మీరేం చిన్నపిల్లాడు కాదు కదా."

అతను మొదటిసారిలాగా ఏ చెత్తో వస్తుందని నోరు గట్టిగా మూసుకున్నాడు.

"ఇవాళ మేడమ్‌కి చివరి రోజు," అందామె. "ఇంక మీ సందులోకి వచ్చే పనే లేదు. అసలు మీ ముందు నుంచి వెళ్ళకపోతే పరిగెత్తుకొస్తారేమో చూద్దామనుకున్నాను."

"వచ్చానుగా."

"చువ్వతో."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. బెంచీ మీది ముసలాయన తల తిప్పి చూసి, అర్థమైనట్టే ఆయనా నవ్వాడు.

ఆమె ఫోన్ మోగింది. అత్త. ఆవిడ ఫోన్‌లో మాట్లాడితే స్పీకరు పెట్టనక్కర్లేదు.

"చేరారా? వాడు కళ్ళు తిరిగి పడలేదు కదా? సరే, మీ నాన్నగారి నంబరు పంపించు."

"ఎందుకు మేడమ్?"

"మీ అమ్మాయి వైద్యానికి నా కాలు నయమైందని చెప్పొద్దూ? మర్యాద ఉంటుంది కదా. కాలు సంగతి అయ్యాక ఇంకేమైనా మాటలొస్తే అవీ మాట్లాడుకుంటాం. బుజ్జిగాడిని అడుగు, మాట్లాడొచ్చా అని."

ఆమె ఫోన్ చేత్తో మూసి అతని వైపు చూసింది. అతను వెంటనే తలూపాడు, బెంచీ మీది వాళ్ళకి కూడా కనిపించేంత గట్టిగా.

"పంపిస్తాను మేడమ్," అంది.

లోపలి నుంచి నర్సు పిలిచింది. రెండడుగులు వేసి ఆమె వెనక్కి తిరిగింది. "నాకు సాయంత్రం దాకా పని. బండి తీసుకుని దిగిపోతారా?"

అతను బండి వైపు చూశాడు. అద్దం మీది నీళ్ళు తుడిచి, తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పని చూసుకు రండి. కూర్చుని ఉంటాను," అన్నాడు. "దిగేటప్పుడు కూడా వెనకే."

వెళ్ళి బెంచీ మీద ముసలాయన పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు.